నిప్పును గూర్చిన మాటలు: తల్లిదండ్రుల కొక పాఠము



గత సంవత్సరము మన పాఠశాలలో అగ్నిప్రమాద సమయమున బయటికి వెడలు అభ్యాసమును జరిపితిమి. గంట మ్రోగగానే పిల్లలందరును వరుసలు దీరి మైదానమునకు చేరవలెనని ఏర్పాటు. అన్ని తరగతులును చేరినవి. నాల్గవ తరగతి మాత్రము వెనుక మెట్ల తలుపుకడ కదలక నిలిచిపోయినది. ఏల ఆగితిరని నేను అడుగగా, వరుసలో ముందున్న బాలిక తలుపుమీది పలకను చూపి, "అది అవసరమున్నవాళ్ళకే గదా సార్, మాకేం అవసరం?" అని బదులు చెప్పినది.

ఆ పలకమీద తమిళమున "అవసర వళి" అని వ్రాసియున్నది. తమిళులకు "అవసరము" అనగా తొందర, ఆపద సమయపు త్వర. మనకు "అవసరము" అనగా కావలసియుండుట. ఒకే సంస్కృత పదము రెండిండ్లలో పెరిగి రెండు నడవడులు నేర్చుకొన్నది. ఆ బాలిక అక్షరములను సరిగనే చదివినది, తన తల్లి భాషలో సరిగనే అర్థము చేసికొన్నది. తప్పు మాది. పలకను తగిలించితిమి గాని, దాని అర్థమును పిల్లలకు చెప్పలేదు.

ఆనాటినుండి నాకొక ఆలోచన కలిగినది. మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో తమిళమును, గ్రంథములలో ఆంగ్లమును చూచుచు పెరుగుచున్నారు. అగ్నిరక్షణకు సంబంధించిన నిబంధనలు ఆంగ్లములో నున్నవి, పలకలు తమిళములో నున్నవి, భయము కలిగినపుడు పిల్లవాని నోట వచ్చునది తెలుగు. ఈ మూడింటి నడుమ అర్థము జారిపోకుండ చూచుట మన బాధ్యత. కావున ఆ నిబంధనలలోని ముఖ్యమైన మాటలను కొన్నింటిని ఈ సంవత్సరము మీకు పాఠముగా చెప్పదలచితిని.

1. వాడుక మాట, శాస్త్రపు మాట

వాడుకలో మాటకు అర్థము సాగుచుండును. "ఇక్కడికి దగ్గరే" యని పల్లెటూరి రైతు చెప్పిన దూరము రెండు మైళ్లు కావచ్చును. రక్షణ నిబంధనలలో ఇట్లు సాగుటకు వీలులేదు. అచ్చట ముఖ్యమైన ప్రతి మాటకును ఒక నిర్వచనమో, ఒక కొలతయో, ఒక పరీక్షయో ఉండును.

మన దేశమున భవనములకు సంబంధించిన ఇట్టి నిబంధనలను ఒకచోట కూర్చిన గ్రంథము నేషనల్ బిల్డింగ్ కోడ్. ఇది మొదట 1970లో వెలువడి, 1983లోను, 2005లోను, 2016లోను సవరింపబడినది. ఇందు నాల్గవ భాగము అగ్నిని గూర్చినది. పాత ముద్రణలలో ఆ భాగము పేరు అగ్ని నుండి రక్షణ అను అర్థము నిచ్చునది. 2005 నుండి అది అగ్ని భద్రతయు, ప్రాణ భద్రతయు అను అర్థము నిచ్చు పేరుగా మారినది. భవనము నిలుచుట వేరు, అందలి మనుష్యులు బ్రతుకుట వేరు అని ఆ పేరే చెప్పుచున్నది.

ఈ భేదమును లోకము కష్టపడి నేర్చుకొన్నది. అమెరికా దేశపు చికాగో నగరమున ఇరోక్వా నాటకశాల 1903లో తెరువబడినపుడు, దానిని నిప్పు ఏమియు చేయజాలదని ప్రకటించిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 30వ తేదీన ప్రదర్శన సమయమున నిప్పంటుకొని 602 మంది మరణించిరి. వారిలో స్త్రీలును పిల్లలును అనేకులు. భవనపు గోడలు మాత్రము చాలవరకు నిలిచియే యున్నవి. గోడలను గూర్చి చెప్పిన మాటను జనులు తమ ప్రాణములను గూర్చి చెప్పినట్లు నమ్మిరి.

2. "ఖాళీ" అను మాట

బెంజమిన్ లీ వోర్ఫ్ అను అమెరికా దేశీయుడు భాషాశాస్త్రమున ప్రసిద్ధుడు. ఆయన జీవనోపాధి మాత్రము అగ్నిప్రమాద బీమా సంస్థలో ప్రమాద నివారణ ఇంజనీరు ఉద్యోగము. ప్రమాదములకు కారణములను విచారించుచు ఆయన ఒక వింతను గమనించెను. పెట్రోలు నిండిన పీపాల చెంత జనులు మిక్కిలి జాగ్రత్తగా నుండెడివారు. "ఖాళీ పీపాలు" అని పేరుపెట్టిన చోట మాత్రము నిర్భయముగా పొగత్రాగుచు నుండెడివారు. నిజమునకు ఖాళీ పీపాలో పెట్రోలు ఆవిరి గాలితో కలిసి నిండియుండును. నిండు పీపాకంటె అదియే అపాయకరము. "ఖాళీ" అను మాట విని మనస్సు అపాయము కూడ ఖాళీ యైనదని తలచినది.

మరియొక చోట మరుగు పాత్రలకు వేడి తగులకుండ సున్నపురాతితో చేసిన పూత పూసిరి. పేరులో రాయి యున్నది గదా, రాయి కాలునా యని దానికి మరుగు కల్పింపలేదు. ఆ పాత్రలనుండి వెలువడిన ఆమ్లపు ఆవిరులు సోకి ఆ పూత మారిపోయి, కొంతకాలమునకు నిప్పు తగులగనే మండినది.

ఈ కథలు మన ఇంటికి దూరమైనవి కావు. మన వంటయింట "గ్యాసు బండ ఖాళీ యైనది" అని అనుచుందుము. పొయ్యి వెలుగుటకు చాలినంత ఒత్తిడి లేకపోవచ్చును గాని, లోపల గ్యాసు కొంత మిగిలియే యుండును. ఆ గ్యాసు గాలికంటె బరువైనది కావున పైకెగయక నేలబారున ప్రాకి, మూలలలో నిలుచును. కనుక ఖాళీ బండకు సైతము మూత బిగించి, గాలి తగులు చోట నిలువుగా నుంచవలెను. "ఖాళీ బండ" అనుటకు బదులు "తీరిన బండ" అని మా ఇంట అలవాటు చేసికొంటిమి. చిన్న మార్పే గాని, పిల్లలు దానిమీద కూర్చుండి ఆడుట మానిరి.

3. "కాలునది", "అంటుకొనునది"

నిబంధనలలో "కంబస్టిబుల్" అనియు, "ఫ్లేమబుల్" అనియు రెండు మాటలు తరచుగా కనబడును. మొదటిది కాలగలిగిన ప్రతి వస్తువునకును చెల్లును. బల్ల, పుస్తకము, తాటాకు అన్నియు అట్టివే. రెండవది సులభముగా నిప్పంటుకొని వేగముగా మండు వాటికి చెల్లును. తెలుగున మొదటి దానిని "కాలునది" యనియు, రెండవ దానిని "అంటుకొనునది" యనియు పిల్లలకు చెప్పినచో చాలును.

ఇచ్చట ఆంగ్లములో ఒక చిక్కు గలదు. "ఫ్లేమబుల్", "ఇన్‌ఫ్లేమబుల్" అను రెండును ఒకే అర్థము గలవి. ఆంగ్లమున "ఇన్" అను ఉపసర్గ తరచుగా "కానిది" అను అర్థము నిచ్చును గనుక, "ఇన్‌ఫ్లేమబుల్" అనగా నిప్పంటనిది యని కొందరు పొరబడుదురు. మన భాషలో "అమూల్యము" అను మాటకు వెలలేనిది, పనికిరానిది యని పొరబడినట్లే ఇది. అమెరికాలోని జాతీయ అగ్నిరక్షణ సంఘము 1920ల నుండియే "ఫ్లేమబుల్" అను మాటనే వాడుడని ప్రబోధించుచు వచ్చినది. ట్యాంకరు లారీమీద ఈ రెండింటిలో ఏది కనబడినను దూరముగా నుండవలెనని పిల్లలకు తెలియవలెను.

ద్రవములు ఎంత సులభముగా అంటుకొనునో తెలుపుటకు "ఫ్లాష్ పాయింట్" అను కొలత గలదు. ద్రవము నుండి లేచు ఆవిరి, నిప్పురవ్వ తగులగనే గుప్పున వెలుగుటకు చాలినంతగా ఏర్పడు కనిష్ఠ ఉష్ణోగ్రత అది. పెట్రోలునకు ఇది సున్నకు దిగువ 40 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతము. అనగా మన దేశమున ఏ ఋతువునందైనను పెట్రోలు సిద్ధముగనే యుండును. ప్రయోగశాలలోని స్పిరిటు దీపములో పోయు ఆల్కహాలునకు సుమారు 13 డిగ్రీలు. కిరోసినునకు కనీసము 35 డిగ్రీలు ఉండవలెనని భారత ప్రమాణము. మన ఊళ్లలో వేసవి మధ్యాహ్నము ఎండ 35 డిగ్రీలను దాటుట మీరెరుగుదురు. ఉదయము చల్లని వేళ మందకొడిగా నున్న కిరోసినే, ఎండలో రేకుల క్రింద నుంచిన డబ్బాలో మరియొక స్వభావము దాల్చును.

4. అక్షరముల చిక్కు

పాఠశాల వరండాలో వ్రేలాడు ఎర్రని సిలిండరుమీద అక్షరములుండును. అవి మంటల జాతులను తెలుపును. మన దేశపు పద్ధతిలో "ఏ" యనగా కట్టె, కాగితము, గుడ్డ వంటి ఘనపదార్థముల మంట. "బి" యనగా పెట్రోలు, కిరోసిను వంటి ద్రవముల మంట. "సి" యనగా వాయువుల మంట. "డి" యనగా మెగ్నీషియము వంటి లోహముల మంట. వంటనూనెల మంటకు అంతర్జాతీయ ప్రమాణములలో "ఎఫ్" అను అక్షరము ప్రత్యేకముగా గలదు.

అమెరికాలో "సి" యనగా విద్యుత్తు ప్రవహించు పరికరముల మంట. వంటనూనెల మంట వారికి "కె". అచ్చటి చిత్రములను చూచి నేర్చుకొన్న పిల్లవాడు ఇచ్చటి సిలిండరుమీది "సి" ని విద్యుత్తునకు పనికివచ్చునదని తలచినచో పొరబడినట్లే. మన పద్ధతిలో విద్యుత్తునకు ప్రత్యేకముగా జాతి లేదు. ముందు మీట కట్టివేసి, తరువాత మండుచున్న వస్తువును బట్టి ఆర్పవలెను.

ఇంతటితో చిక్కు తీరలేదు. పెట్రోలియము చట్టములో "ఏ" తరగతి యనగా 23 డిగ్రీలకు లోబడి ఫ్లాష్ పాయింట్ గల ద్రవము. భవన సంహితలో "ఏ" వర్గము నివాసగృహములు, "బి" వర్గము విద్యాలయములు. కావున ఒకే కాగితముమీద "బి" అని యున్నచో, అది మన పాఠశాలయా, కిరోసినా, నూనె మంటయా యని సందర్భమును బట్టి తెలిసికొనవలెను. అక్షరము చదువవచ్చినంత మాత్రమున అర్థము తెలిసినట్లు కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

వంటయింటి బాణలిలో నూనె అంటుకొన్నపుడు నీళ్లు పోయుట అందరికిని తోచు పని. నీరు నూనెకంటె బరువైనది. అది అడుగునకు దిగి, ఒక్క క్షణమున ఆవిరియై, సుమారు 1700 రెట్లు వ్యాపించి, మండుచున్న నూనెను నలువైపులకు చిమ్మును. పొయ్యి కట్టివేసి, బాణలిమీద మూత జార్చి, చల్లారువరకు తీయకుండుటయే మార్గము.

5. గంటలలో కొలుచు బలము

తలుపునకుగాని గోడకుగాని "60 నిమిషములు", "120 నిమిషములు" అని నిబంధనలలో ఒక లెక్క యుండును. దీనిని అగ్ని నిరోధము అందురు. ఆ తలుపును కొలిమికి అమర్చి, నిర్ణీతమైన క్రమమున వేడిని పెంచుదురు. 60 నిమిషములకు కొలిమి సుమారు 945 డిగ్రీలకు చేరును. అంతవరకు తలుపు కూలకుండ, పగుళ్లనుండి మంట ఆవలికి రాకుండ, ఆవలి ముఖము మితిమీరి వేడెక్కకుండ నిలిచినదా యని చూతురు.

ఈ లెక్కను చదివి, రెండు గంటల తలుపు గలదు గనుక రెండు గంటలు లోపల నుండవచ్చునని నేనే ఒకప్పుడు భావించితిని. అది తప్పు. ఆ సంఖ్య కొలిమిలో వస్తువు చూపిన బలము. నిజమైన మంట కొలిమి క్రమమును పాటింపదు. పొగ అంతకంటె ముందుగనే వచ్చును. అగ్నిప్రమాదములలో ప్రాణము తీయునది తరచుగా పొగయే. మరియు, గాలి రావలెనని ఇటుక అడ్డుపెట్టి తెరచియుంచిన తలుపునకు 120 నిమిషముల ముద్ర యున్నను నిరోధము సున్న.

6. బయటికి దారి

నాలుగవ తరగతి బాలిక నిలిచిన చోటికి తిరిగి వత్తము. నిబంధనలలో బయటికి పోవు దారిని మూడు భాగములుగా చూతురు. తరగతి గదినుండి మెట్ల తలుపువరకు ఒకటి. రక్షణ గల మెట్లు రెండవది. మెట్ల అడుగునుండి బహిరంగ స్థలమువరకు మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మూసికొన్నను దారి లేనట్లే.

గట్టి నిర్మాణము గల విద్యాలయములలో పిల్లవాడు నడువవలసిన దూరము 30 మీటర్లకు మించరాదని సంహిత చెప్పుచున్నది. ఈ దూరమును గోడలమీదుగా గీత గీసి కొలువరాదు. బల్లలను చుట్టి, నడవలో తిరిగి, పాదములు నిజముగా నడుచు దారినే కొలువవలెను. మెట్ల వెడల్పు కనీసము ఒకటిన్నర మీటరు ఉండవలెను. నిర్గమ ద్వారము బయటివైపునకు తెరచుకొనవలెను. లోపలివారు తాళపుచెవి లేకుండ తెరువగలిగి యుండవలెను.

ఈ మాటల వెనుక ఎంత దుఃఖమున్నదో మన రాష్ట్రమువారికి చెప్పనక్కరలేదు. 2004 జూలై 16వ తేదీన కుంభకోణములోని ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనము వండుచోట పుట్టిన నిప్పు పూరికప్పునకు ప్రాకి 94 మంది పిల్లలను పొట్టబెట్టుకొన్నది. అచ్చటి మెట్లు ఇరుకైనవి. ఆ దుర్ఘటన తరువాత వేయబడిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2009లో తీర్పునిచ్చి, దేశములోని పాఠశాలలు అగ్నిభద్రతా నిబంధనలను పాటింపవలెనని ఆదేశించినది. అంతకు పూర్వము 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలిలో, ఒక పాఠశాల వార్షికోత్సవమున, షామియానాకు నిప్పంటుకొని నాలుగు వందల మందికి పైగా మరణించిరి. వారు మీవలెనే పిల్లల ఆటపాటలు చూడవచ్చిన తల్లిదండ్రులు, బహుమతులకై వచ్చిన పిల్లలు. పందిళ్లకు ప్రత్యేకముగా భారత ప్రమాణ మొకటి కలదు. కృత్రిమ నారబట్టలు, కృత్రిమ త్రాళ్లు పందిరికి వాడరాదని అది చెప్పును. ఈ సంవత్సరము మన వార్షికోత్సవమునకు నూలుగుడ్డ షామియానాయే వేయించి, మూడు వైపుల దారులు విడిపించితిమి. అలంకారము తగ్గినదని కొందరు నొచ్చుకొన్నారు. వారు క్షమింతురు గాక.

మీతో ఒక విన్నపము చేయవలసియున్నది. సాయంకాలము పిల్లలను తీసికొనిపోవుటకు వచ్చువారు తమ బండ్లను వెనుక గేటు కడ్డముగా నిలుపుచున్నారు. "రెండు నిమిషములే గదా" యని మీరందురు. మీ బండి నిలిచిన ఆ చోటే నేను పైన చెప్పిన దారిలో మూడవ భాగము. లోపల మెట్లు ఎంత వెడల్పైనను, ఆ గేటు కడ ఇరుకైనచో పిల్లల వరుస అచ్చట ఆగిపోవును. దయచేసి ఆ చోటును ఖాళీగా నుంచుడు. ఈ ఒక్క చోట "ఖాళీ" అను మాటకు పూర్ణమైన అర్థమే కావలెను.

7. ఇంట అడుగవలసిన ప్రశ్నలు

భోజనము ముగిసిన పిమ్మట పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని ఈ ప్రశ్నలను తెలుగులో అడుగుడు. వారు తెలుగులో బదులు చెప్పవలెను.

ఒకటి: "అవసర వళి" అను పలక ఎవరికొరకు? ఎప్పుడు?
రెండు: బాణలిలో నూనె అంటుకొన్నచో మొదట ఏమి చేయవలెను? ఏమి చేయరాదు?
మూడు: గ్యాసు వాసన వచ్చినచో దీపపు మీట వేయవచ్చునా? కిటికీ ఏల తెరువవలెను?
నాలుగు: గది పొగతో నిండినచో నిలువుగా నడువవలెనా, నేలబారున ప్రాకవలెనా?
ఐదు: మన ఇంటినుండి బయటికి దారులెన్ని? రాత్రివేళ వాటి తాళపుచెవు లెచ్చట నుండును?

ఐదవ ప్రశ్నకు పిల్లలకంటె ముందు పెద్దలు బదులు వెదుకవలసి వచ్చును. మా ఇంట అట్లే జరిగినది.

మన పెద్దలు నిప్పును గూర్చి మాటలాడుటలో ఎంతో జాగరూకత చూపిరి. దీపము ఆరిపోయినదని యనక, కొండెక్కినదని యనిరి. వారిది మంగళము కోరిన జాగ్రత్త. మనకు కావలసినది అర్థము తెలిసిన జాగ్రత్త. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు, పొగ కమ్మినపుడు పలకకు అర్థము చెప్పుకొనుటకు సమయ ముండదు.

ఇప్పుడు మన వెనుక మెట్ల తలుపుమీద తమిళ పలక క్రింద తెలుగు పలక యొకటి యున్నది. "ఆపద వచ్చినపుడు అందరు ఈ దారిని పొండు" అని దానిమీద వ్రాయించితిమి. ఆ మాటలను ఎన్నుకొన్నది నేను గాను. ఆనాడు నన్ను ప్రశ్నించిన బాలికయే వాటిని చెప్పినది. ఆమె ఇప్పుడు ఐదవ తరగతి చదువుచున్నది. మొన్నటి అభ్యాసమున ఆ తలుపును మొదట తెరచినది ఆమెయే.